ఇంటి బయటి చెక్కకు ఏ పూత? పాలిషా, స్టెయినా, పెయింటా

మా ఇంటి ముఖం పడమర. ముందు గోడ మీద, బాల్కనీ పక్కన, 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తున చెక్క పలకలు పెట్టించాం. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా ముందు దాన్నే చూశారు. "అద్దంలా మెరుస్తోంది" అన్నారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అదే చెక్క మీద తెల్లటి పొక్కులు లేచాయి. గోరుతో గీకితే పొర చేప పొలుసులా ఊడి చేతికి వచ్చింది. కింద చెక్క బూడిద రంగుకు తిరిగి ఉంది. మేస్త్రి లోపల వార్డ్‌రోబ్‌లకు కొట్టిన మెలమైన్ పాలిష్‌నే బయట గోడకూ కొట్టాడు. దాన్ని మొత్తం గీకించడానికి అయిన కూలి, మొదట పాలిష్‌కు అయిన ఖర్చును మించిపోయింది.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. కొట్టిన రోజు అన్ని పూతలూ బాగుంటాయి. తేడా అంతా అవి పాడయ్యే తీరులో ఉంది. కొన్ని వెలిసిపోతాయి, కొన్ని పొరలుగా ఊడిపోతాయి. వెలిసిన చెక్కను కడిగి, ఆరనిచ్చి, పైన ఇంకో కోటు వేస్తే పని అయిపోతుంది. ఊడినదాన్ని మాత్రం పచ్చి చెక్క కనిపించేదాకా గీకాల్సిందే. ఎండా వానా నేరుగా తగిలే చోట వెలిసిపోయే పూత వేయించండి. నీడలో ఉన్న చోట మెరిసే పూత వేయించుకున్నా ఫర్వాలేదు. ఈ మాట పట్టుకుంటే షాపులో సగం టెన్షన్ తగ్గుతుంది.

మన ఎండ చెక్కను ఏం చేస్తుంది

చెక్కకు శత్రువు వాన అనుకుంటాం. మొదటి దెబ్బ కొట్టేది ఎండ. చెక్కలోని సన్నటి నారపోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు విరగ్గొడతాయి. ఆ విరిగినదాన్ని వాన కడిగేస్తుంది. మిగిలిన పోగులే మనకు బూడిద రంగుగా కనిపిస్తాయి. రంగు లేని పాలిష్ లోంచి ఆ కిరణాలు చాలావరకు చెక్కదాకా వెళ్తాయి. పైన పొర గట్టిగానే ఉంటుంది గానీ, దాని కింద చెక్క పట్టు వదిలేస్తుంది. మా గోడ మీద జరిగింది సరిగ్గా ఇదే. అందుకే బయటి చెక్కకు రంగు కావాలి. అందం కోసమే కాదు, ఆ కిరణాల్ని ఆపేది అందులోని రంగు రేణువులే కాబట్టి.

రెండో దెబ్బ తేమది. హైదరాబాద్‌లో ఏడాదికి పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. దానికి ముందు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండ, పొడి గాలి. ఆగస్టులో బిగుసుకున్న తలుపు ఏప్రిల్‌లో వదులై కిర్రుమనడం మనందరికీ తెలుసు. గోడ మీది పలక కూడా అలాగే ఏటా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. గాజులా గట్టిపడ్డ పొర దానితో పాటు కదలలేక పగులుతుంది. ఆ పగులులోంచి దిగిన నీరు తొందరగా ఆరే దారి ఉండదు.

మీ చెక్క ఏ దిక్కు చూస్తోందో ముందు గమనించండి. అన్నిటికంటే కష్టం పడమరది. మధ్యాహ్నం ఎండ దాని మీదే, నైరుతి రుతుపవనాల గాలివానా ఎక్కువగా దాని మీదే. దక్షిణం గోడకు చలికాలమంతా ఎండ తగులుతుంది. ఉత్తరం గోడకు ఎండే ఉండదనుకుంటారు గానీ, మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఆ గోడకు ఎండ కంటే వానాకాలం ఆరకపోవడం పెద్ద సమస్య, పాచి పడుతుంది. తూర్పు గోడ వీటన్నిటి కంటే నయం. చెక్కకు పైన రెండడుగుల సన్‌షేడ్ ఉంటే, ఏ దిక్కైనా పూత ఆయుష్షు బాగా పెరుగుతుంది. ఇల్లు ఇంకా కట్టే దశలోనే ఉంటే ఖరీదైన డబ్బా గురించి ఆలోచించే ముందు ఆ సన్‌షేడ్ గురించి ఇంజనీరుతో మాట్లాడండి.

పైన పొర కట్టేవి

మన దగ్గర పాలిష్ అంటే ముందు వినిపించేది మెలమైన్. "సార్, మెలమైన్ కొడితే పదేళ్లు చూడక్కర్లేదు" అని మాతో అన్నారు. ఇంటి లోపల ఆ మాట చాలావరకు నిజమే. గట్టిగా ఉంటుంది, టీ కప్పు మచ్చ పడదు, ధరా అందుబాటులో ఉంటుంది. కానీ అది పెళుసు, ఎండకు పసుపెక్కుతుంది, పగులుతుంది. బయట వద్దు. ఫ్లాట్లలో మూసి ఉన్న కారిడార్‌లోకి తలుపు తెరుచుకుంటుంటే దాన్ని లోపలి చెక్కగానే లెక్కేసుకోవచ్చు, అక్కడ మెలమైన్ చాలు.

లక్క పాలిష్ పాత పద్ధతి. పూజ గది తలుపులకు, పాత బీరువాలకు దాని మెరుపు వేరే దేనికీ రాదు. నీళ్లు నిలిస్తే మాత్రం తెల్ల మచ్చ పడుతుంది. దాన్ని బయట వాడే ఆలోచనే పెట్టుకోకండి.

పీయూ (పాలీయురెథేన్) పాలిష్ విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఒకే పేరుతో రెండు రకాల సరుకు అమ్ముతారు. లోపలికి వాడే పీయూ వేరు, బయటికి వాడేది వేరు. బయటి రకం ఎండకు తొందరగా పసుపెక్కదు, అందులో యూవీని ఆపే పదార్థం కలిపి ఉంటుంది, కొంచెం సాగుతుంది కూడా. అందుకే ధర ఎక్కువ. కొటేషన్‌లో ఒట్టి "పీయూ" అని రాసి ఉంటే అది ఏ పీయూనో అడగండి, డబ్బా మీద ఎక్స్‌టీరియర్ అని ఉందో లేదో స్వయంగా చూడండి. పాలిష్ కింద ముందుగా కొట్టే సీలర్ కూడా అదే కంపెనీది, బయటికి పనికొచ్చేదే అయి ఉండాలి. కింద లోపలి సీలర్, పైన బయటి పీయూ కొట్టిన తలుపు త్వరలోనే పొరలు లేస్తుంది. పోర్టికో కింద ఉన్న టేకు తలుపుకు ఎక్స్‌టీరియర్ పీయూ మంచి ఎంపిక. పడమర గోడకు ఇది కూడా వద్దంటాను. కొన్నేళ్లు బాగానే నిలుస్తుంది గానీ, పగలడం మొదలయ్యాక ఆ గట్టి పొరను గీకడం మెలమైన్‌ను గీకడం కంటే కష్టం.

రంగు లేని సింథటిక్ వార్నిష్ చవక. గేటు చెక్కకో, వరండా బల్లకో ఏటా కొట్టుకునే ఓపిక ఉంటే వాడండి. ఒక ఏడాది వదిలేస్తే ఎండిన ఆకులా రాలుతుంది.

చెక్కలోకి ఇంకేవి

స్టెయిన్ పని చేసే తీరు వేరు. ఇది పైన కూర్చోకుండా చెక్క పైభాగంలోకి ఇంకుతుంది. చెక్క చారలు కనిపిస్తూనే ఉంటాయి, రంగు రేణువులు ఎండను ఆపుతాయి, నూనె లేదా రెసిన్ నీటిని ఆపుతుంది. గట్టి పొర లేదు కాబట్టి ఊడడానికీ ఏమీ ఉండదు. అమెరికాలో ఇళ్ల గోడలకే చెక్క పలకలు వేస్తారు, ఈ సమస్య వాళ్లకు మనకంటే పెద్దది. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని ప్రభుత్వ కలప పరిశోధనశాల 1950 దశకంలో అందుకోసం ఒక పూత తయారు చేసింది. అందులో ఉన్నవి ఉడికించిన అవిసె నూనె, కొంచెం మైనం, బూజు మందు, సియెన్నా, అంబర్ అనే మట్టి రంగులు. ఆ మట్టి రంగులు మన కావి రాయి జాతివే. వాటికి రంగునిచ్చేది ఇనుప ఆక్సైడ్, అది ఎన్నేళ్ల ఎండకైనా వెలవదు. మన గుడి ప్రహరీల మీద కావి పట్టీలు ఎండకు ఎలా నిలుస్తాయో చూస్తూనే ఉన్నాం కదా.

ఇక్కడే చాలామంది మోసపోయే విషయం ఒకటుంది. మన దుకాణాల్లో చిన్న సీసాల్లో వాల్‌నట్, రోజ్‌వుడ్, టేకు అని దొరికే స్టెయిన్లు చాలావరకు డై రంగులు. బట్టలకు అద్దే రంగులా పూర్తిగా కరిగిపోయి ఉంటాయి. వాటిని లోపలి ఫర్నిచర్ కోసం చేశారు. పైన పాలిష్ లేకుండా నిలవవు, పాలిష్ ఉన్నా నేరు ఎండలో తొందరగా వెలిసిపోతాయి. ముందు పోయేది ఎరుపు ఛాయ, ఆ తర్వాత మిగిలేది చప్పటి గోధుమ రంగు. బయటికి కావలసింది పిగ్మెంట్, అంటే కరగని రంగు రేణువులు, ఉన్న స్టెయిన్. తేడా కనుక్కోవడం సులభం. డబ్బాను ఒక రోజు కదపకుండా ఉంచి మూత తీసి పుల్లతో అడుగు గీకండి. పిగ్మెంట్ ఉంటే అడుగున చిక్కటి మడ్డి తగులుతుంది. వాడేటప్పుడు దాన్ని బాగా కలపాలి, మధ్య మధ్యలో కూడా కలుపుతూ ఉండాలి. లేకపోతే మొదటి పలక లేతగా, చివరి పలక ముదురుగా వస్తాయి.

రంగు ఎంత ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. పూర్తి పారదర్శకమైనవాటిలో రంగు దాదాపు ఉండదు. కొత్త చెక్క అందం మొత్తం కనిపిస్తుంది గానీ మన ఎండకు ఒక ఏడాది నిలిస్తే గొప్ప. సెమీ ట్రాన్స్‌పరెంట్ అంటే చారలు కనిపిస్తాయి, రంగూ ఉంటుంది. మామూలుగా రెండు నుంచి నాలుగేళ్లు వస్తుంది. పడమర గోడకైతే రెండేళ్లే అనుకుని ప్లాన్ చేసుకోండి. సాలిడ్ స్టెయిన్ పల్చటి పెయింట్ లాంటిది. చెక్క గరుకుదనం తెలుస్తుంది గానీ చారలు కనిపించవు. అన్నిటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ అది పొర కట్టే జాతికి దగ్గర, ఊడే గుణం కొంత ఉంటుంది. ఇంకో సంగతి, సాలిడ్ కొట్టాక మళ్లీ చారలు కనిపించే స్టెయిన్‌కు రావాలంటే మొత్తం గీకాలి. లేత నుంచి ముదురుకు ఎప్పుడైనా వెళ్లొచ్చు, వెనక్కి రావడమే కష్టం. అందుకే కొత్త చెక్కకు సెమీ ట్రాన్స్‌పరెంట్‌తో మొదలుపెట్టమని నా సలహా. పదేళ్ల తర్వాత చెక్క మచ్చలు పడితే అప్పుడు సాలిడ్‌కు వెళ్లండి.

నూనె స్టెయినా, నీటి స్టెయినా? నేను నూనె స్టెయిన్ వైపే. లోతుగా ఇంకుతుంది, బ్రష్ ఆనవాళ్లు పడవు, రెండేళ్లకు పైన ఇంకో కోటు వేయడానికి గీకక్కర్లేదు. లోపాలూ ఉన్నాయి. ఆరడానికి ఒక రోజైనా పడుతుంది, వాసన ఉంటుంది, అవిసె నూనె బూజుకు ఆహారం. అందుకే ఉత్తరం గోడకు, చెట్ల నీడలో ఉండే చెక్కకు, నీటి స్టెయిన్ మేలు. దాని రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది, బూజు తక్కువ. కాకపోతే మన ఎండలో చెయ్యి తిప్పేలోపే ఆరిపోయి, ఒక చోట ఆపి మళ్లీ మొదలుపెట్టిన దగ్గర ముదురు చార పడుతుంది. పలకను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆపకుండా పూసేవాళ్లుంటేనే దాన్ని ఎంచుకోండి.

టీక్ ఆయిల్ అని రాసిన డబ్బా చూసి అది టేకు చెట్టు నుంచి తీసిన నూనె అనుకోకండి. మామూలుగా అది అవిసె నూనెలోనో, టంగ్ అనే గింజల నూనెలోనో కొంచెం వార్నిష్, థిన్నర్ కలిపినది. మొదటి నెల చాలా అందంగా ఉంటుంది. పిగ్మెంట్ లేని టీక్ ఆయిల్ మన గోడ మీద ఒక వేసవి దాటదు.

ఇక ఎనామిల్ పెయింట్. స్టెయిన్ గురించి ఇంత చెప్పాక కూడా, కొన్ని చోట్ల పెయింటే సరైనదని ఖచ్చితంగా అంటాను. సికింద్రాబాద్ వైపు పాత బంగళాల్లో చెక్క జాలీలు, పాత ఇళ్ల కిటికీ రెక్కలు ఎన్నో చేతులు మారి, నాలుగైదు కోట్ల ఆకుపచ్చ పెయింట్‌తో ఉంటాయి. వాటిని గీకి టేకులా మెరిపించాలని ఆశపడితే చాలాసార్లు కింద వేపో, మామిడో, మూడు రకాల చెక్క అతుకులో బయటపడతాయి. అక్కడ లేచిన పెయింట్ తీసేసి, వుడ్ ప్రైమర్, లప్పం, రెండు కోట్ల ఎనామిల్ కొట్టడమే మంచిది. ఎండను పూర్తిగా ఆపేది పెయింటే.

చెక్కను బట్టి

ముషీరాబాద్, బోయిగూడ టింబర్ డిపోల్లో టేకు అని అడిగితే పది పేర్లు చెబుతారు. బల్లార్షా, బర్మా, ఘనా, ఇంకా చాలా. ఏదైనా టేకులో సహజంగా నూనె ఉంటుంది. అదే దాని బలం, పూత విషయంలో అదే ఇబ్బంది కూడా. పూత వేసే ముందు గుడ్డను థిన్నర్‌లో ముంచి తుడవకపోతే నూనె స్టెయిన్ ఆరకుండా జిగటగా మిగిలిపోతుంది.

నల్లమద్ది, సాల్ లాంటి గట్టి చెక్కలు స్టెయిన్‌ను తక్కువగా పీలుస్తాయి. పల్చగా ఒక కోటు వేసి, పది పదిహేను నిమిషాల్లో పీల్చుకోకుండా మిగిలినదాన్ని తుడిచేయాలి. "ఇంకో కోటు వేస్తే ఇంకా గట్టి" అనే లెక్క ఇక్కడ పనికిరాదు, మిగులు నూనె పైన జిగురుగా ఆరి దుమ్ము పట్టుకుంటుంది. పైన్ చెక్క చవక, తేలిక, కానీ మచ్చలు మచ్చలుగా పీలుస్తుంది, ముడుల దగ్గర బంక కారుతుంది. ముదురు రంగు వేస్తే ఎండకు ఇంకా వేడెక్కి బంక ఎక్కువ కారుతుంది, కాబట్టి పైన్‌కు మధ్యస్థం రంగే వేయండి.

ఈ మధ్య ఎలివేషన్లకు, అంటే ఇంటి ముందు గోడ అలంకరణకు, థర్మోవుడ్ ఎక్కువగా పెడుతున్నారు. సుమారు 180 నుంచి 215 డిగ్రీల వేడిలో ఆవిరితో కాల్చిన చెక్క అది. తేమకు ఉబ్బడం తగ్గుతుంది, పుచ్చడం తగ్గుతుంది. అమ్మేవాళ్లు "దీనికి మెయింటెనెన్స్ ఉండదు" అంటారు. చెక్క పుచ్చకపోవడం వరకు ఆ మాట సరే. రంగు విషయంలో అది నిజం కాదు. ఆ చాక్లెట్ రంగు వేడి వల్ల వచ్చింది, ఎండకు మామూలు చెక్కలాగే బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ బూడిద రంగు మీకు ఇష్టమైతే ఏ పూతా వేయకుండా వదిలేయడం కూడా గౌరవమైన ఎంపికే. కానీ సన్‌షేడ్ కింద ఒక రంగు, మిగతా చోట ఒక రంగు వస్తుందని ముందే తెలుసుకోండి. రెండేళ్లకోసారి పని చేయించే ఓపిక లేకపోతే, చెక్కలా కనిపించే హెచ్‌పీఎల్ (హై ప్రెషర్ లామినేట్) షీట్లు వేయించుకోవడంలో తప్పేమీ లేదు.

గుమ్మం, గడప

మెయిన్ డోర్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఎక్కువ చేతులు పడేదీ, ఎక్కువ నీళ్లు పడేదీ అక్కడే. తలుపు రెక్కలకు, పోర్టికో ఉంటే ఎక్స్‌టీరియర్ పీయూ మ్యాట్ ఫినిష్ వేయించండి. చెక్కడం పని ఉన్న తలుపుకు మెరిసే గ్లాసీ ఫినిష్ వద్దు. పువ్వుల మూలల్లో పాలిష్ మందంగా నిలిచి అక్కడే ముందు పగులుతుంది. పోర్టికో లేకుండా తలుపు నేరుగా ఎండ చూస్తుంటే అక్కడ కూడా నేను పిగ్మెంట్ ఉన్న నూనె స్టెయిన్‌కే ఓటు వేస్తాను. మెరుపు తగ్గుతుంది, కానీ ఏటా దసరాకో సంక్రాంతికో ముందు ఒక ఆదివారం ఇంట్లోవాళ్లే గుడ్డతో పూసుకోవచ్చు.

గడపకు మాత్రం స్టెయినూ వద్దు, రంగు లేని పాలిషూ వద్దు. వారం వారం కడుగుతాం, పసుపు రాస్తాం, దీపం నూనె ఒలుకుతుంది. స్టెయిన్ కొట్టిన చెక్కలోకి పసుపు ఇంకి మచ్చలు పడుతుంది, తడి ఆరక కింది కొస నల్లబడుతుంది. మన పెద్దవాళ్లు గడపకు పసుపు రంగు ఎనామిల్ వేసి, పైన ఎర్రగా తెల్లగా ముగ్గు దిద్దడం ఎంతో ఆలోచన ఉన్న పని. పెయింట్ చెక్కను కాపాడుతుంది, రాసిన పసుపు పైనే ఉండి కడిగితే పోతుంది. గడప కింది వైపుకు, గోడలోకి దిగే కొసలకు కూడా పెయింట్ పట్టించమని బిగించకముందే వడ్రంగికి చెప్పండి, తర్వాత చెయ్యి దూరదు.

తోరణం కోసం ద్వారబంధానికి కొట్టే మేకుల సంగతి కూడా చూడండి. ఇనుప మేకు తుప్పు టేకులోని టానిన్ అనే పదార్థంతో కలిస్తే నల్లటి కన్నీటి చార కిందికి దిగుతుంది, పైన ఎంత మంచి పీయూ ఉన్నా సరే. స్టెయిన్‌లెస్ స్టీల్ హుక్కులు రెండు పెట్టించుకుంటే ఆ గొడవ ఉండదు. ఎలివేషన్ పలకలకూ స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడాలి.

పాత పూత ఉంటే

ఉన్న పూత ఏమిటో తెలియకుండా దాని మీద కొత్తది కొట్టించకండి. ఎవరికీ కనిపించని మూలలో, దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దండి. మెత్తబడి అంటుకుంటే అది లక్క. కదలకపోతే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో రుద్దండి. అప్పుడు కరిగితే ఎన్‌సీ లక్కర్. రెండిటికీ లొంగకపోతే మెలమైన్ లేదా పీయూ. ఈ పొరలు ఏవి ఉన్నా వాటి మీద స్టెయిన్ ఇంకదు. మూడు చుక్కల నీళ్లు వేసి చూడండి. కొన్ని నిమిషాల్లో చెక్క పీల్చుకుంటే స్టెయిన్‌కు సిద్ధంగా ఉన్నట్టు. ముత్యాల్లా నిలబడితే ఇంకా పొర ఉంది, గీకడం మిగిలే ఉంది.

బూడిద రంగుకు తిరిగిన చెక్కను, ఇనుప మచ్చల్ని ఆక్సాలిక్ యాసిడ్ నీళ్లతో కడిగితే అసలు రంగు చాలావరకు తిరిగి వస్తుంది. అది విషం. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని దూరంగా ఉంచండి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగండి.

ఎప్పుడు, ఎలా

హైదరాబాద్‌లో ఈ పనికి దీపావళి దాటిన తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు ఆగిన వెంటనే చెక్క పైకి పొడిగా కనిపించినా లోపల తేమ ఉంటుంది. తేమ మీటరు ఉన్న మేస్త్రి దొరికితే 12 శాతం దగ్గర్లో చూపించేదాకా ఆగండి, 15 దాటితే అస్సలు మొదలుపెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో చెక్క కాలిపోతూ ఉంటుంది, స్టెయిన్ ఇంకకముందే పైన ఆరిపోతుంది. తప్పదనుకుంటే పడమర గోడ పని పొద్దున్నే, ఎండ అటు తిరగకముందే ముగించాలి. గృహప్రవేశం ముహూర్తం జులైలో పడితే ఒక్క కోటు కూడా వేయకుండా, చెక్కను అలాగే ఉంచి ముహూర్తం జరిపించుకోండి. నాలుగైదు నెలలు ఆలస్యమైతే చెక్క కొంచెం వెలుస్తుంది, సాండ్ పేపర్‌తో పోతుంది. తడి చెక్క మీద వేసిన పూత మాత్రం ఎన్నాళ్లో ఉండదు.

సాండ్ పేపర్ కొట్టడంలో మన మేస్త్రులు లోపలి ఫర్నిచర్ అలవాటుతో 220, 320 నంబరు సన్న పేపర్ దాకా వెళ్లి చెక్కను పాలరాయిలా చేస్తారు. స్టెయిన్‌కు అది నష్టం. అంత నున్నటి చెక్క ఎక్కువ పీల్చదు. 80తో మొదలుపెట్టి 120 దగ్గర ఆపమనండి. "గరుకుగా ఉంటది సార్" అంటారు. ఉండనివ్వండి, గరుకు చెక్క ఎక్కువ స్టెయిన్ తాగుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది.

పలక కోసిన కొసలు మిగతా ముఖం కంటే ఎన్నో రెట్లు వేగంగా నీళ్లు పీలుస్తాయి. పుచ్చడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ప్రతి కొసకూ రెండు మూడు సార్లు స్టెయిన్ తాగించి, పలక వెనక వైపు కూడా ఒక కోటు వేసి, ఆ తర్వాతే గోడకు బిగించాలి. వెనక గాలి ఆడేలా సందు ఉండాలి. ఒక వైపే పూత ఉన్న పలక వంగుతుంది.

లెక్క విషయానికొస్తే, మా గోడ 120 చదరపు అడుగులు, రెండు కోట్లకు 240. డబ్బా మీద లీటరుకు 90 చదరపు అడుగులు అని ఉంటే మూడు లీటర్లు కావాలి. గరుకు చెక్కకు దాదాపు రెట్టింపు తీసుకోండి. రాణిగంజ్ దుకాణాల్లో ఏషియన్ పెయింట్స్, ఐసీఏ, సిర్కా, ఎమ్మారెఫ్ లాంటి పేర్లు చెబుతారు. కంపెనీ పేరు వినగానే ఒప్పుకోవద్దు, ప్రతి కంపెనీకీ లోపలివీ బయటివీ వేరువేరు డబ్బాలుంటాయి. మీరు కొనబోయే చెక్క ముక్క మీదే రెండు మూడు రంగులు పూసి, డాబా మీద ఎండలో ఒక నెల పెట్టి చూడండి, సగం ముక్కకు అట్ట కప్పి ఉంచితే తేడా తెలుస్తుంది. షేడ్ కార్డ్ మీది రంగు మీ చెక్క మీద అలా రాదు.

నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతట అదే అంటుకుంటుంది. బకెట్ నీళ్లలో ముంచండి, లేదా బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి. పని చేసే అబ్బాయిలకు మొదటి రోజే ఈ మాట చెప్పండి.

పని అయిపోయాక డబ్బా లేబుల్ ఫొటో తీసి, రంగులు ఏ పాళ్లలో కలిపారో, ఏ నెలలో వేశారో మీటర్ బాక్స్ తలుపు లోపలి వైపు రాసి పెట్టుకోండి. మా తలుపు మీద ఉన్నది ఇది: టేకు 2 పాళ్లు, వాల్‌నట్ 1 పాలు, నూనె స్టెయిన్, రెండు కోట్లు, నవంబర్. దాని కింద ఇంకో నవంబర్, ఒక కోటు, గీకలేదు.